డాక్టరు చెప్పిన రెండో సగం

తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది పెద్దక్కే. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అందుకే, వాడికి రక్త క్యాన్సరొచ్చి, మార్చడానికి ఎముక మజ్జ ఎవరిది సరిపోతుందో చూడాలని అక్కచెల్లెళ్ళిద్దరి రక్తమూ తీసుకున్నప్పుడు, కలిసేది తనదేనని పెద్దక్క కుట్టుమిషను మీద గుడ్డ కప్పి మరీ సిద్ధమైంది. తీరా చూస్తే ఆవిడది సగమే కలిసింది. ఏ పండక్కో పబ్బానికో ఫోను చేసే చిన్నక్కది పూర్తిగా కలిసింది.

"జన్యువులు పెంపకాన్ని చూడవమ్మా" అన్నాడు డాక్టరు. పెద్దక్కకి కడుపులో నిప్పులు పోసినట్టయింది.

మార్పిడి అయింది. కొత్త మజ్జ నిలబడింది. తమ్ముడు ఊరుకుంటాడా? "ఇకనుంచి నా ఒంట్లో చిన్నక్క రక్తమే. పొద్దున లేవకపోతే నన్ను తిట్టకు, దాన్ని తిట్టు" అని నవ్వాడు. పెద్దక్క నవ్వలేదు.

కొన్ని వారాలకి వాడి అరచేతులు ఎర్రబడి దద్దుర్లు లేచాయి. డాక్టరు పెద్దక్కని పిలిచాడు. "దాత కణాలు మీ తమ్ముడి ఒంటిని పరాయిదనుకుని దాడి చేస్తున్నాయి. మందులతో అదుపు చేస్తాం. ఇలా కొద్దిగా వస్తే ఒక మేలు కూడా ఉంది. మిగిలిన జబ్బు కణాలుంటే వాటినీ వెతికి చంపుతాయి."

వరండాలో చిన్నక్క ఎదురొచ్చింది. "ఏమన్నారక్కా?"

"నీ కణాలే వాణ్ణి పీక్కు తింటున్నాయిట" అంది పెద్దక్క. రెండో సగం మింగేసింది.

మర్నాటినుంచి చిన్నక్క గదిలోకి రాలేదు. మెట్ల మీదే కూర్చుని వెళ్ళిపోయేది. పెద్దక్కకి ప్రాణం లేచొచ్చింది.

"చిన్నక్క ఏది? అలిగిందా?" అని తమ్ముడు అడిగితే పెద్దక్క అన్నం కలిపి ముందు పెట్టింది. వాడు అన్నం పళ్ళెం పక్కకి నెట్టేశాడు. "మజ్జ ఇచ్చిన మనిషే మొహం చాటేసిందంటే, నేనింక బతకనని దానికెవరో చెప్పుంటారు."

ఆ మాటతో పెద్దక్క లేచి మెట్ల దగ్గరికి వెళ్ళింది. "డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడే" అని మొత్తం చెప్పింది.

"ఎప్పుడన్నాడు?"

"అప్పుడే."

"నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

"నీ కళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా చెప్పలేదు."

గదిలోకి ఒక్కరినే రానిస్తారు. చెల్లెలికి కొత్త మాస్కిచ్చి పెద్దక్క బయటే నిలబడింది. అద్దంలోంచి చూస్తే తమ్ముడు అరచేతులు చాపి ఏదో అంటున్నాడు, చిన్నక్క ఏడుస్తూనే నవ్వుతోంది. పెద్దక్క కడుపు ఇంకా మండుతూనే ఉంది.

"మీరెళ్ళరా లోపలికి? ఆవిణ్ణి బయటికి రమ్మననా?" అంది నర్సు.

"వద్దమ్మా. కూర్చోనివ్వండి."