ఇష్టమైన కూర ఏది?

ఈశ్వరి దోసె తిరగేస్తుండగా వీధి గుమ్మంలో ఎవరో ఆమె పేరు అడిగారు. ఆ ఇంట్లో ఆ పేరు వినబడటమే వింత. పొందూరు నుంచి బొబ్బిలికి కోడలిగా వచ్చిన రోజే ఆమె పొందూరమ్మి అయిపోయింది. అందుకే అత్తగారు బుల్లమ్మ, వచ్చిన కానిస్టేబుల్ కూర్మయ్యకి తడుముకోకుండా చెప్పేసింది.

“ఈశ్వరా? ఆ పేరున్నోలు మా ఇంట ఎవులూ నేరు బాబూ.”

ఈశ్వరి అట్లకాడతోనే బయటికొచ్చి, ఆ మనిషిని నేనేనంది. అత్తగారు ఆమెని ఎగాదిగా చూసింది. “నువ్వా?”

సంగతేమిటంటే, ఎవరో ఈశ్వరి ఆధార్ జిరాక్సుతో సిమ్ము తీసుకుని, బహుమతులొచ్చాయంటూ జనానికి ఫోన్లు చేసి ముంచుతున్నారు. ఆ పని చేసింది ఈశ్వరి కాదని తేలేదాకా, జాకెట్లు కుట్టి ఆమె డబ్బు దాచుకున్న బ్యాంకు ఖాతా కదలదు. తేలకపోతే కేసు ఆమె మీదికే.

జిరాక్సు ఎలా పోయిందో స్టేషన్లో బయటపడింది. భర్త నరసింగరావుకి ఇనప సామాన్ల కొట్టు ఉంది. గ్యాసుకీ, సిమ్ముకీ, అన్నిటికీ పెళ్లాం పేరే కలిసొస్తుందని ఆమె ఆధార్ జిరాక్సులు కట్టగా తీయించి గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు. మిగిలిన కాగితాలు పారేయడం ఇష్టంలేక వాటిలో మేకులు పొట్లం కట్టి అమ్మాడు. ఆ విధంగా ఈశ్వరి ఫొటోతో, పుట్టిన తేదీతో, తండ్రి పేరుతో సహా సాలూరు లారీ షెడ్లదాకా వెళ్లొచ్చింది. పెళ్లయ్యాక ఆమె అంతదూరం ఒంటరిగా ప్రయాణం చేసింది అదొక్కసారే.

మీ ఆవిడ పుట్టినరోజెప్పుడని ఎస్సై అడిగితే నరసింగరావు ఫ్యానుకేసి చూశాడు. “శ్రావణంలోనండి. వానలేనండి అప్పుడు.”

ఈశ్వరికి నవ్వొచ్చింది, తర్వాత ఒక ఆలోచనొచ్చింది. ఎక్కడో ఒకామె రోజంతా నా పేరుకి పలుకుతోంది, ఈశ్వరిగారూ అంటే చెప్పండి అంటోంది, నా పుట్టినరోజు గడగడా అప్పజెబుతోంది, నేను మాత్రం కూరలో ఉప్పెక్కువైందే పొందూరమ్మీ అంటే ఏమండీ అంటున్నాను. ఇద్దరిలో ఎవరు ఈశ్వరి అని నిజంగా లెక్కతీస్తే నేనే ఓడిపోయేలా ఉన్నాను. ఆ దొంగ మీద ఆమెకి కోపం కంటే కుళ్లు ఎక్కువ కలిగింది.

ఫోన్లు వేరే ఊరి నుంచి వెళ్లాయని తేలి, దొంగ సిమ్ము రద్దయి, ఖాతా తిరిగొచ్చింది. బ్యాంకులో కన్యాకుమారి మేడం కూర్చోబెట్టి చెప్పింది: జిరాక్సు ఇస్తే దానిమీద ఎందుకిస్తున్నారో, ఏ తేదీనో అడ్డంగా రాయాలి. ఆధార్ వేలిముద్రలకి తాళం వేసుకోవాలి. ఓటీపీ మొగుడికైనా చెప్పకూడదు. నరసింగరావు ఫోన్లోకి వస్తున్న ఈశ్వరి బ్యాంకు మెసేజిలన్నీ అక్కడికక్కడే ఈశ్వరి ఫోన్లోకి మారాయి. ఇక పాస్‌వర్డు మర్చిపోతే ఖాతా తెరవడానికి బ్యాంకు అడిగే రహస్య ప్రశ్న: మీకిష్టమైన కూర ఏది? ఇంట్లో ఎవరికీ తెలియని జవాబు పెట్టమంది మేడం.

ఈశ్వరి పగలబడి నవ్వింది. తన గురించి ఆ ఇంట్లో ఎవరికీ తెలియనివి బోలెడున్నాయి.

“గుత్తొంకాయని పెట్టీ,” అన్నాడు పక్కనే కూర్చున్న నరసింగరావు.

“అది మీకిష్టం,” అని ఫోను అటు తిప్పుకుని ఏదో కొట్టింది.

అప్పట్నుంచీ అతనికి నిద్రలేదు. సాయంత్రం కొట్టు కట్టేసి వస్తూ ఓ రోజు బెండకాయలు, ఓ రోజు కంద, ఓ రోజు బచ్చలి పట్టుకొచ్చి ఆమె ముఖంలోకి చూస్తాడు. ఆమె తాపీగా తింటుంది. నిన్న అత్తగారు కూడా ఆగలేక వంటింట్లోకి వచ్చింది.

“ఒసే ఈశ్వరీ, నీకేటిష్టమో నాకొక్కదానికే సెప్పీ.”

చేతిలోని గరిటె ఒక్క క్షణం ఆగింది.

“చెప్పకూడదట అత్తా,” అంది ఈశ్వరి. “మీరే కనిపెట్టాలి.”

జవాబు నిజమే కానక్కర్లేదు, కూర పేరే కానక్కర్లేదు అని మేడం చెవిలో చెప్పిన మాట మాత్రం ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.