ఏడు చుట్ల ముగ్గు

“ఏమే, నా బనీను యాడ?”

సోమవారం మధ్యాహ్నం ఈ కేక వినపడేసరికి వాసవాంబ మిద్దె మీద, ముగ్గులో మూడో చుట్టు నడుస్తోంది. గబుక్కున గీతలన్నీ దాటి కిందికి పరుగెత్తింది. బనీను భర్త వరదయ్య భుజం మీదే ఉంది.

ఏడు చుట్ల ముగ్గు అది. పూలమ్మే పచ్చయమ్మ నేర్పింది. ఒకటే దారి, తిరిగి తిరిగి నడుమకి చేరుతుంది. “మనసులో బరువుంటే నడవాలమ్మా. ఎవురు పిల్చినా గీత తొక్కగూడదు. తొక్కితే మళ్ళా మొదట్నించే. వచ్చేటప్పుడు గూడా అదే దారిన రావల్ల,” అంది.

వాసవాంబకు బరువుంది. పోయినేడు గర్భసంచి తీసేశారు. పదో రోజుకే రుబ్బురోలు ముందు కూర్చుంది. “సంచి తీసేసినారు గదా, ఒళ్ళు తేలిగ్గా ఉంటుందిలే,” అని అత్త కమలాంబ నవ్వింది. ఇల్లంతా నవ్వింది. కుట్లు లాగుతున్నా వాసవాంబా నవ్వింది. తెల్లారక ముందే వీధి పంపు దగ్గర పన్నెండు బిందెలు, ఆపైన కాఫీలు, టిఫన్లు, ఎనిమిది మంది కంచాలు. ఏడవడానికి తీరికెక్కడ? ఒక్కసారి ఆ నడుమకి చేరితే అక్కడ ఏడవచ్చనుకుంది. ఆ ఏడుపూ వారం నుంచి వాయిదా పడుతోంది. మంగళవారం పాలవాడు. బుధవారం అత్తగారి విసనకర్ర, చెయ్యి చాపితే అందేదే. ఆ ఇంట్లో వస్తువులకు వాసవాంబ వస్తే తప్ప కనపడకూడదని పట్టుదల.

శనివారం ఐదో చుట్టులో ఉండగా “కాఫీ!” అని వినపడింది. కాలు గీత మీదికి లేచింది. మళ్ళీ దారిలోనే దిగింది. ఆరు. ఏడు. నడుమ.

వరదయ్య ఆయాసపడుతూ పైకొచ్చాడు. “చెవుడా ఏందే? గొంతు పోయేట్టు పిలస్తా ఉండా. అట్నే అడ్డంగా దాటి రా!”

“దాటితే మళ్ళా మొదట్నించి నడవాలండి. ఇంకా ఆలిస్యం.”

లాక్కుపోదామని ఆయన కాలెత్తాడు.

“మీరు తొక్కినా అంతే.”

పచ్చయమ్మ ఈ మాట చెప్పలేదు. వాసవాంబే అప్పటికప్పుడు కలిపింది. ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలీక వరదయ్య కొంగలా నిలబడ్డాడు.

“సరి, ఎంతసేపు?”

“వచ్చినంత దూరం తిరిగి రావల్ల గదండి.”

“అయితే కాఫీపొడి యాడుంది?” పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు అడిగాడు.

ఎడమ అరలో, నీలం డబ్బా. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఏడుపు దాని వీలుకొద్దీ రానీ అనుకుని, కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. ఎవరైనా పిలిచిన తర్వాత ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలు.