రెండో మేకు

తెల్లారేసరికి ఆఖరి ఐసు దిమ్మ చెక్కబల్ల మీద జారుతోంది. బుల్లియ్య కొక్కెం తగిలించి లాగాడు, లారీ వైపు నెట్టాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా అదే నడక. అరచేతులు నీళ్ళకు నాని, తెల్లగా పాలిపోయి, ముడతలు పడిపోయాయి. ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. చేపల పులుసైనా, అమోనియా ఘాటైనా అతనికి ఒకటే.

భీమవరం శివార్లలో రొయ్యల ఫ్యాక్టరీ కొత్తగా తెరిచినప్పటి నుంచీ ఐసుకు విరామం లేదు, ఊళ్ళో ఖాళీ గది లేదు. బుల్లియ్య ఉండేది ఐసు ఫ్యాక్టరీ వెనక గదిలో. గోడకు అవతల అమోనియా ట్యాంకు. ఒంటరివాడికి ఆ గది సరిపోయింది. కానీ ఈ రోజు కూతురు వస్తోంది. రొయ్యల ఫ్యాక్టరీలో దానికి పని దొరికింది.

డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, గదులు అద్దెకిచ్చే బంగారమ్మగారి వాకిట్లో నిలబడ్డాడు.

“వెనక వసారా అయినా పర్లేదండి. ఆడపిల్ల వస్తోంది.”

“వసారాలో ఆరుగురున్నారయ్యా, అందరూ ఫ్యాక్టరీ వాళ్ళే. మిగిలింది కోళ్ళగూడు. నిన్న దాన్నీ ఒకాయన కొలుచుకుని వెళ్ళాడు.”

ఆవిడ నవ్వింది. మర్యాదకి బుల్లియ్యా నవ్వాడు. మరో మూడు వాకిళ్ళు ఎక్కి దిగాడు.

పదకొండింటికి సాయిదుర్గ నర్సాపురం బస్సు దిగింది. గదిలో అడుగుపెడుతూనే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఏంటి నాన్నా ఈ ఘాటు? కళ్ళు మండిపోతున్నాయి.”

“ఎక్కడే?”

“ఇక్కడే. నీకు తెలియట్లేదా?”

అతను గోడ వైపు చూసి, లేచి వెళ్ళి ఆపరేటర్ లోకనాథ్‌కి చెప్పాడు.

“వాల్వు కాస్త కారుతోంది బాబాయ్. సాయంత్రం మెకానిక్ వస్తాడు. భయమైతే గది ఖాళీ చెయ్యి, పొద్దున్నే ఇద్దరు అడిగెళ్ళారు.”

బుల్లియ్య వెనక్కి తిరిగాడు. గదికొచ్చి, గుమ్మం పక్కన తన తువ్వాలు వేలాడే మేకుకు ఎదురుగా ఇంకో మేకు కొట్టాడు. ఐసు పనివాళ్ళు గుమ్మం దగ్గర ఎప్పుడూ తడి తువ్వాలు ఉంచుకుంటారు. ఘాటు కమ్మితే మొహానికి చుట్టుకుని గాలికి ఎదురు పరుగెత్తాలి. అతనికి ఉన్నది ఒకటే తువ్వాలు. దాన్ని నీళ్ళలో ముంచి, పిండకుండా, కొత్త మేకుకు తగిలించాడు.

“మరి నీకో?”

“నాకు అలవాటైపోయిందే. ఆదివారం సంతలో ఇంకోటి కొంటాలే.”

రెండింటి షిఫ్టుకి కూతుర్ని రోడ్డు దాకా దిగబెట్టి వచ్చాడు. రాత్రంతా నిలబడ్డ ఒళ్ళు. చాప మీద వాలగానే నిద్ర కమ్మేసింది. గోడ అవతల కంప్రెసర్ ఒకే శ్రుతిలో మూలుగుతోంది.

మూడున్నరకి ఆ మూలుగు ఆగింది. ఫ్యాక్టరీ లోపలివాళ్ళు అమోనియా ఘాటుకి దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తారు. వెనక గది ఎవరికో గుర్తొచ్చేసరికి చాలా సేపైంది.

అతన్ని చాపతోనే బయటికి తెచ్చారు. ఊపిరి లేదు, మొహంలో మెలకువ వచ్చిన జాడ కూడా లేదు.

గుమ్మం పక్కన అతని మేకు బోసిగా ఉంది. ఎదురుగా, రెండో మేకుకు, తువ్వాలు అంచు ఇంకా తడిగానే ఉంది.