తడి వేలు

ఎడమ చేత్తో గాజు పళ్ళెం వంచి పట్టుకుని, కుడి చూపుడు వేలు గ్లాసులోని నీళ్ళలో ముంచి, పొర అంచు చుట్టూ ఒకసారి రాసింది నూకరత్నం. పొట్టి గోరు, కణుపు దగ్గర పాత కాలిన మచ్చ ఉన్న వేలది. తడి తగలగానే అంచు మెత్తబడి లేచింది. మెల్లగా లాగితే సగ్గుబియ్యపు పొర ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చేసింది. ఎందుకు రాదు? తన ఊరు కడియంలో తను పెట్టే సగ్గుబియ్యం వడియాల్లో ఒక్కటి విరిగిందని ఎవరైనా అంటే వాళ్ళతో మాటలు మానేసే మనిషి. గుడ్డ తిరగేసి వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే వడియం దానంతటదే ఊడొస్తుంది. ఆ మాత్రం తెలియనిదెవరికి?

"ఏం చేస్తున్నారండీ?"

ల్యాబు గుమ్మంలో కిరణ్ కుమార్ నిలబడి ఉన్నాడు. రాజమహేంద్రవరంలోని ఆ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెబుతూ, మరోపక్క పీహెచ్‌డీ చేసుకుంటున్నాడు. రోజూ ఆమె పొరలు తీసి డబ్బాలో సర్దాకే వచ్చేవాడు. ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజని, స్వీట్ల పొట్లం పట్టుకుని పెందలాడే వచ్చాడు.

"పొర తీస్తున్నానండి బాబూ."

"ఆ నీళ్ళేంటి?"

"నీళ్ళు రాయకపోతే ఎలా వస్తాదండి? చిరిగిపోదూ!"

"రోజూ ఇలాగే తీస్తారా?"

"మొదట్నుంచీ ఇంతేనండి."

కిరణ్ కుమార్ స్టూలు మీద కూలబడ్డాడు. స్వీట్ల పొట్లం ఒళ్ళోనే ఉండిపోయింది.

ఆ పొర తినడానికి కాదు, బ్యాటరీలో పెట్టడానికి. సగ్గుబియ్యపు పిండిని లిథియం ఉప్పుతో, గ్లిజరిన్‌తో కలిపి జావ కాచి, పళ్ళెంలో పోసి ఆరబెడితే వచ్చే జెల్. అందులో ఉప్పు విడిపోయి అయాన్లవుతుంది. అవి ఒక పక్కనుంచి రెండో పక్కకు కదిలితేనే కరెంటు. ఎలా కదులుతాయో కిరణ్ కుమార్ ఒకసారి వివరంగా చెప్పాడు. పిండిలో పొడవాటి గొలుసులుంటాయట. అవి ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతూ అయాన్లను ఒకదాని నుంచి ఇంకోదానికి అందిస్తాయట. "మా నర్సరీలో లారీకి మొక్కలెత్తినట్టేనన్నమాట," అంది నూకరత్నం. అక్కడ కూలీలంతా వరసగా నిలబడతారు. ఎవరూ చోటు వదలరు, కాస్త ఒళ్ళు వంచి పక్కవాళ్ళకు అందిస్తారు, కుండీ లారీ ఎక్కేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆ వరసలో మొగుడి పక్కనే నిలబడేది. అతను పోయాక ఇక ఆ వరసలో నిలబడబుద్ధి కాక, ఇక్కడ అటెండరుగా చేరింది.

"నీళ్ళు తగిలితే ఏమవుద్దండి?" అని ఇప్పుడడిగింది.

"వరదొచ్చిందనుకోండి. ఇక చేతులతో పనేముంది? కుండీలు వాటంతటవే కొట్టుకుపోతాయి. కరెంటు బాగా పారుతోందని మూడేళ్ళుగా నాకొచ్చిన మంచి అంకెలు జెల్‌వో నీళ్ళవో ఇప్పుడు చెప్పలేనండీ."

నూకరత్నానికి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండును. "చూసుకోవలసింది నేను," అన్నాడాయన, అది ఇంకా మండింది. మూడేళ్ళ పని నీళ్ళపాలు. ఆ నీళ్ళు తన వేలివి! ఇలాగే ఇంటికెళ్ళి కూర్చుంటే అన్నం ఎలా దిగుతుంది? వెళ్ళేలోగా ఒక్క పొర, ఒక్కటంటే ఒక్కటి, తడి తగలకుండా చిరగకుండా తీసిచ్చి వెళ్ళాలి.

నిన్న పోసిన పళ్ళేలు ఇంకా రెండున్నాయి. కొలిచే మిషను వేరే కాలేజీది, సాయంత్రం వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. రెండు పళ్ళేలనూ ఓవెన్‌లో పెట్టి మధ్యాహ్నం దాకా బాగా ఆరనిచ్చారు. బయట శ్రావణ మాసపు ముసురు, గోడలు కూడా చెమ్మగిల్లి ఉన్నాయి. కిటికీలన్నీ మూసి ఏసీ పెట్టారు.

మొదటిది కిరణ్ కుమార్ బ్లేడుతో తీయబోయాడు. పర్రుమని అడ్డంగా చిరిగింది.

"ఇలా ఇవ్వండి బాబూ," అంది నూకరత్నం. వేళ్ళు పొడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడుచుకుంది. ఊపిరి తడి కూడా తగలకూడదని ముక్కుకూ నోటికీ తువ్వాలు బిగించి కట్టుకుంది. ఆఖరి రోజని కట్టుకొచ్చిన పచ్చటి సింథటిక్ చీర చెంగు పట్టుకుని, ఒక పోగు సర్రున లాగేసింది.

"కొత్త చీరండీ!"

"పోతే పోనీండి."

పోగును రెండు చేతుల మధ్య బిగలాగి అంచు కిందకు దూర్చింది. గాజుకీ పొరకీ మధ్య దాన్ని రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ వెంట్రుక వాసి చొప్పున ముందుకు జరిపింది. మధ్యలో ఒకచోట పొర పట్టేసింది. లాగలేదు. పళ్ళెం తిప్పి అవతలివైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నుదుటి మీద చెమట కారబోతే భుజానికి తుడుచుకుంది. కాసేపటికి పొర చిన్న చప్పుడు చేసి వదిలింది, నిండు చందమామలా, ఒక్క చిరుగు లేకుండా.

అందులోంచి రూపాయి బిళ్ళంత ముక్క కోసి కిరణ్ కుమార్ మిషనులో పెట్టాడు. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడ్డాయి.

"కరెంటు పదో వంతుకు పడిపోయిందండీ," అన్నాడు చివరికి.

నూకరత్నం తువ్వాలు కిందకు లాగింది. "అంటే ఏమీ లేదాండి?"

"ఉంది. తక్కువే, కానీ ఉంది. అన్నీ మళ్ళీ కొలవాలి, ఇంకో ఏడాది పడుతుంది. పట్టనివ్వండి. చేతిలో నిజమైనది ఒకటుందిగా."

"ఇది నీళ్ళకి కొట్టుకుపోయింది కాదుగా? చేతుల మీదుగా వెళ్ళిందేగా?"

"చేతుల మీదుగానేనండీ."

"అదీ మాట!" అంది. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. అప్పుడు స్వీట్ల పొట్లం విప్పించి, కాజా ఒకటి తిని, ఇంకోటి తిని, చెయ్యి కడుక్కుంది.

"రేపట్నుంచి ఎవరు తీస్తారండి?"

"నేనే నేర్చుకోవాలి."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, చెంగు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత గొడుగు అందుకుని, కడియం బస్సు తప్పిపోతుందని గబగబా మెట్లు దిగింది.

కిరణ్ కుమార్ మిషను కట్టేసి వెనక్కి తిరిగేసరికి, ఖాళీ పళ్ళెం పక్కన, గాలికి ఎగిరిపోకుండా కొస మీద గాజు మూత పెట్టి, మూరెడు పచ్చటి పోగు ఒకటి ఉంది.