వానకి చోటు

డ్రమ్మక్క ఒక ఇంటి తలుపు కొట్టి, లోపలివాళ్ళు గడియ తీసేలోగా ఎదురింటి తలుపు కూడా కొట్టేసింది. పడమట మబ్బు దట్టంగా లేచింది. ఇంకాసేపట్లో కుండపోత ఖాయం. ఆ లోపల ఈ సందులో ప్రతి డ్రమ్మూ ఖాళీ కావాలి.

పొట్టి మనిషి. సంచి మోసీ మోసీ ఎడమ భుజం వాలిపోయింది. తలుపులు కొట్టీ కొట్టీ వేలి కణుపులు కాయలు కాచాయి. పురపాలక కార్యాలయం ఏది చెప్పమంటే అది గడపగడపకీ తిరిగి చెప్పడమే ఆవిడ ఉద్యోగం. దోమల గురించి చెప్పింది, టీకాల గురించి చెప్పింది, తడిచెత్త పొడిచెత్త గురించి చెప్పింది. ఈ ఏడు నీళ్ళ పొదుపు. కప్పు మీద పడే వానను గొట్టంతో డ్రమ్ములోకి పట్టించే పథకం. దాంతో అసలు పేరు జీతం కాగితంలోనే ఉండిపోయి, సందులో డ్రమ్మక్క అయిపోయింది. తానుండేది మాత్రం అద్దెగది. తనకంటూ కప్పూ లేదు, డ్రమ్మూ లేదు.

చిక్కల్లా ఆవిడ మరీ బాగా చెప్పడంతో వచ్చింది. పొదుపు పొదుపు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేసరికి, ఇల్లాళ్ళు కిందటి వాన నీళ్ళను నగల్లా దాచేశారు. నిండిన డ్రమ్ములో కొత్త వానకి చోటెక్కడిది? పొర్లి సందులోకి, అక్కణ్ణించి సందు చివర పల్లంలో ఉన్న దర్జీ పిల్ల గదిలోకి పోవలసిందే. ఆ గదినిండా బడిపిల్లల యూనిఫారాలు, తెల్లారితే అప్పజెప్పవలసినవి. నిరుడు ఇలాంటి వానకే బట్టలు మునిగి సగం బేరాలు పోయాయి. ఈసారి మునిగితే మిషను అమ్ముకోవడమే.

"మొన్నేగా దాచమన్నావ్, ఇవాళ పారబొయ్యమంటావా? ఎన్ని నాలుకలు నీకు?" అంది ఎదురింటి ఇల్లాలు.

"పారబొయ్యొద్దు వదినా, వాడెయ్యి! దుప్పట్లు నానబెట్టు, మెట్లు కడుగు. డ్రమ్ము నీళ్ళు పట్టడానికి, అలంకారానికి కాదు."

సందు ఒక్కసారిగా మేలుకుంది. కారు డ్రైవరు తన బండి కడిగి, ఊపు చాలక పక్కింటి బండి కూడా కడిగేశాడు. జన్మలో చీపురు ముట్టని లెక్కల మాస్టారు ప్రహరీ రుద్దుతుంటే, ఆయన భార్య వీధిలోకొచ్చి మరీ చూసి వెళ్ళింది. మబ్బు నెత్తిమీదికొచ్చినా మొక్కలకి నీళ్ళు పోస్తున్న సందు లోకంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

ఇక మూలమేడ పెద్దావిడ. అన్నిటికన్నా పెద్ద కప్పు, అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము, దానికో తాళం.

"నా నీళ్ళు నా ఇష్టం. కుళాయి రాని రోజున నువ్వు మోసుకొస్తావా?"

"మొయ్యనులే పిన్నీ. ఒక్కసారి మూత తీసి చూడు."

పెద్దావిడ తాళం తీసి తొంగిచూసింది. మూత అంచుల్లోంచి దోమలు దూరి గుడ్లు పెట్టాయి కాబోలు, నీళ్ళనిండా తోకపురుగులు గంతులేస్తున్నాయి.

"అమ్మో! ఇన్నాళ్ళూ వీటినా నేను కాపలా కాసింది!"

"అద్దె కూడా ఇవ్వట్లేదు పాపం."

పెద్దావిడ నవ్వాపుకోలేక తనే డ్రమ్ము కుళాయి తిప్పింది. సన్నటి ధార. అప్పటికే చినుకు మొదలైంది. "బకెట్లు పట్రండే!" అని ఆవిడ వేసిన కేకకి సందంతా పరిగెత్తుకొచ్చింది. చేతులు మారుతూ నీళ్ళన్నీ పెరటి మట్టిలోకి పోయాయి. డ్రమ్ము అడుగు కనిపించేసరికి వాన విరుచుకుపడింది.

డ్రమ్మక్క దర్జీ పిల్ల గది పైమెట్టు మీద చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో ఇంటింటికీ ఉరికింది. గొట్టాలు హోరెత్తుతున్నాయి, డ్రమ్ములు గటగటా తాగుతున్నాయి. సందులో నీళ్ళు ఆ గది కిందిమెట్టు ఎక్కాయి, రెండో మెట్టూ ఎక్కాయి.

"అక్కా! నీళ్ళు ఆగాయి! అక్కడే ఆగిపోయాయి!" దర్జీ పిల్ల కేక సందు మొదటిదాకా వినిపించింది. తడిసి ముద్దయిన ఇల్లాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గంతులేశారు. పెద్దావిడైతే మాస్టారి వీపు మీద ఒక్కటి చరిచింది.

ఆ సందడిలో కార్యాలయం జీపు హారన్ కొట్టింది. రేపటినుంచి మరో ఊళ్ళో మరో పథకమని డ్రమ్మక్కకి పొద్దున్నే ఫోనొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

"రేపు రా అక్కా, టీ పెడతా," అంది దర్జీ పిల్ల.

"చూద్దాంలేవే," అని డ్రమ్మక్క తడిబట్టలతోనే జీపు ఎక్కేసింది.

వాన వెలిశాక దర్జీ పిల్ల తలుపు తీసింది. నిరుడైతే ఈపాటికి పెద్దరోడ్డు దాకా కొట్టుకుపోవలసిన అరిగిన చెప్పుల జత, పైమెట్టు మీద విడిచినచోటే, పక్కపక్కన, కదలకుండా ఉంది.