అద్దపు తలుపున కావల

ఎడతెఱపి లేక కురిసిన ఆశ్వయుజపు జడివాన వెలిసి పశ్చిమదిగంతమున మేఘశకలములు కుంకుమరాగరంజితములై వ్రేలాడుచుండ సాగరానిలము చెమ్మగిల్లిన యుప్పువాసనను మోసికొని కాకినాడ వీథులలో సంచరించుచుండెను. పడవలు రేవు చేరుచుండెను. తడిసిన పందిళ్ల క్రింద బజ్జీలు వేచు మూకుళ్లనుండి పొగ లేచుచుండెను. లోకమంతయు తన తన గూటికి మరలు నా సంధ్యాసమయమున నగరమందలి యొక పెద్ద వైద్యాలయములో అద్దపు తలుపు నెదుట మాత్రము కొందఱు తమవారి చెంతకు చేరలేక నేలపై చాపలు పఱచుకొని కూర్చుండియుండిరి.

ఆ తలుపున కావల నున్నది జనులు ఐసీయూ యని వ్యవహరించు తీవ్రచికిత్సామందిరము. రోగికొక్కరు చొప్పున సాయంకాలమున గడియసేపు మాత్రము లోనికి పోవచ్చుననియు తక్కిన వేళల నద్దములోనుండి చూచుటయే గాని యడుగిడరాదనియు నచ్చటి కట్టుబాటు. దానిని విధించిన ప్రధానవైద్యురాలు ఇందుమతి కఠినహృదయ కాదు. వెనుకటి వర్షకాలమున పరామర్శకై గుంపులుగా వచ్చిన బంధుజనముతో పాటు అంటురోగమును లోనికి వచ్చి కోలుకొనుచున్న యొక బాలింతను బలిగొనగా ఆ దుఃఖమునుండి పుట్టిన నియమమది.

తాళ్లరేవు ప్రాంతమున కొయ్యపడవలు కట్టుటయందు పేరెన్నిక గన్న తాతారావు ఊపిరితిత్తుల వ్యాధిచే నా మందిరమున పడియుండెను. శ్వాసయంత్రము తొలగింపబడి గండము గడచినదని యెల్లరును సంతసించు వేళ ఆతనికి మతి చలించెను. ఆరని దీపములను ముసుగులు దాల్చిన ముఖములను చూచి చూచి పగలేదో రేయేదో యెఱుగక తాను వఱదలో కొట్టుకొనిపోవుచున్నట్లు భ్రమించి ప్రాణవాయువు నందించు గొట్టమును పెఱికివేయుచుండెను. నర్సులు విధిలేక ఆతని మణికట్లను మెత్తని గుడ్డలతో మంచపు కమ్ములకు బంధించిరి. ఇట్లే కొనసాగినచో మత్తుమందిచ్చి తిరిగి శ్వాసయంత్రమున కప్పగింపవలసి వచ్చుననియు ఈ మాఱు దానినుండి మరలివచ్చుట దుర్ఘటమనియు ఇందుమతి ఆతని భార్యయగు నూకరత్నమునకు దాచక తెలిపెను.

నూకరత్నము ప్రతిసాయంకాలమును లోనికి పోయి భర్తపాదములు నిమురుచు కూర్చుండెడిది. ఆతడామెను పోల్చుకొనలేదు. తమ్ముడా తమ్ముడా యని మాత్రము గొంతెండునట్లు పిలుచుచుండెను. ఆ తమ్ముడు ధర్మారావు. తండ్రి నేర్పిన కొయ్యపనిని విడిచి ఫైబరు పడవల కర్మాగారమున చేరిన దినముననే అన్న వానిని తన గడప త్రొక్కవలదని శాసించెను. నాటినుండి యొకే యూర నుండియు నిరువురును ఎదురుపడినచో త్రోవ మార్చుకొని పోవుచుండిరి. నూకరత్నము ఎవ్వరితోను ఆలోచింపక వానికి ఫోను చేసి రమ్మనెను.

ధర్మారావు పనిబట్టలతోనే పరుగున వచ్చెను గాని తలుపు చెంత ఆగిపోయెను. ఒక్కరికే ప్రవేశమున్నచోట వదినగారి వంతు తాను తీసికొనుట న్యాయము కాదనియు తన్ను చూచి అన్న ఆగ్రహించినచో ఆ యావేశమే ప్రాణము తీయవచ్చుననియు చెప్పి వెనుదిరుగబోయెను. అప్పుడామె వాని చేయి పట్టుకొని యిట్లనెను.

“ఆయన పిలుచుచున్నది నన్ను గాదు నాయనా. పిలిచినవాడు లేచి రాలేడు. విన్నవాడవు నీవే పోవలెను.”

ధర్మారావు చేతులు కడిగికొని ముఖమునకు ముసుగు ధరించి లోనికి పోయెను. బాడిసె పట్టి మహాదారువులను పువ్వులవలె చెక్కిన యా చేతులు గుడ్డపీలికలచే కట్టబడియుండుట చూచి వాడు మంచమునకు దగ్గఱగా జరిగెను. నీళ్లు పెరుగుచున్నవని చుక్కాని పట్టువాడు లేడని తాతారావు పలవరించుచుండెను. వఱద లేదనిగాని పడవ లేదనిగాని తమ్ముడు వాదింపలేదు. మంచముపై వంగి ఆ వ్రేళ్లను తన గుప్పిట నిముడ్చుకొనెను.

“చుక్కాని నేను పట్టితిని అన్నా. గాలి మనకు వాలుగనే యున్నది. నీవు కొంత తడవు నిదురింపుము.”

తాతారావు ఆ మాట వినవచ్చిన దిక్కునకు మొగము త్రిప్పెను. బిగిసిన భుజములు మెల్లగా సడలెను. ఎగసిపడుచున్న శ్వాస క్రమముగా కుదురుకొనెను. ఇంతలో గడువు ముగిసినదని నర్సు వచ్చి చెప్పగా ధర్మారావు లేవబోయెను. లేచినంతనే నిద్రలోని చేయి వాని చేతిని బిగియబట్టెను. యంత్రముపై నాడీవేగమును దెలుపు గీత యెగిసెను.

మంచము కాళ్ల దిక్కున నిలిచి యిదియంతయు చూచుచున్న ఇందుమతి మనోవీథిని ఆ బాలింత ముఖము మెదలెను. తాను తలుపు మూసినది వ్యాధికా మనుష్యునికా యను ప్రశ్న ఆమెను వేధించెను. ఆమె ధర్మారావు వైపు తిరిగి పలికెను.

“లేవకుడు. ఈ రాత్రికి మీరిచ్చటనే యుండుడు. ఆ కట్లు విప్పించెదను.”

నాటినుండి ఇందుమతి యనుమతితో వదినయు మఱదియు వంతులు వేసికొని మంచము చెంత కూర్చుండి తెల్లవాఱినచో తెల్లవాఱినదనియు వాన పడినచో వాన పడుచున్నదనియు రోగికి చెప్పుచుండిరి. ఒక యుదయమున తాతారావు కనులు విప్పెను. ఆ చూపున భ్రాంతి లేదు. అతడు తమ్ముని నిదానించి చూచెను. నాటి శాసనము స్ఫురణకు వచ్చి ధర్మారావు తల వంచుకొనెను.

“చిక్కిపోయితివేమిరా. అన్నము తింటివా?”

వంతు మారుటకు వచ్చి తలుపు చెంత నిలిచిన నూకరత్నము గోడవంకకు తిరిగి పయ్యెదతో కనులొత్తుకొనెను. కొయ్యపడవ మేలా ఫైబరు పడవ మేలా యను వివాదము మాత్రము తీరలేదు. కోలుకొని యింటికి పోవునాడు ఆటోలో సైతము అన్నదమ్ములు దానినే వాదించుకొనుచు పోయిరి.

ఇందుమతి సహవైద్యులను సమావేశపఱచి కట్టుబాటును సవరించెను. జలుబు జ్వరములున్నవారు రారాదు. చేతులు కడుగనిదే యడుగిడరాదు. ఒక్కసారి కొక్కరే యుండవలెను. ఆ యొక్కరు మాత్రము ఏ వేళనైనను ఎంతసేపైనను ఉండవచ్చును. మొదట చిక్కులు రాకపోలేదు. వంతులకై కలహించినవారు కలరు. సూదిని చూచి మూర్ఛిల్లినవారును కలరు. ఆమె వెనుకంజ వేయలేదు.

శరత్తు ముగిసి మంచు మొదలైన యొక ప్రాతఃకాలమున ఇందుమతి ఆ మందిరమధ్యమున నిలిచి చెవియొగ్గెను. యంత్రముల కిచకిచల నడుమ నొకచోట మనుమరాలు తాతకు వార్తాపత్రిక చదువుచుండెను. వేఱొకచోట కనులు తెఱవని కుమారుని చెవిలో తల్లి పెరటి చిక్కుడుపాదు పూత పట్టినదని చెప్పుచుండెను. ఔషధము ప్రాణమును నిలుపును. నిలిచిన యా ప్రాణమునకు తానెవరిదో జ్ఞాపకము చేయుట తనవారి కంఠస్వరమునకే చెల్లును.