మల్లిక చొక్కాకు జాజు

మా మల్లిక పనిచేసే విమానాల కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ తనలో కలుపుకుంటోందని మా ఆయన పర్వతాలు దేవరకొండ బస్టాండులో విని వచ్చాడు. గొర్రెల మందను దొడ్లోకి తోలుతూ, వాన పడేట్టుంది అన్నంత తేలికగా చెప్పాడు. నా చేతిలోని చాట కింద పడింది.

మల్లిక నడిపేవి చిన్న విమానాలు. హైదరాబాదు నుంచి చిన్న చిన్న ఊళ్లకు పోతాయి. ఎడమ సీట్లో కెప్టెన్ కూర్చుంటాడు, పక్క సీట్లో మా పిల్ల. ఈ ఏడు తనకూ కెప్టెన్ సీటు వస్తుందని ఆశపడి, పండుగలకు కూడా రాకుండా చదువుకుంది. ఇప్పుడు రెండు కంపెనీల పైలట్లనూ ఒకే వరుసలో నిలబెడతారట. ఎక్కువైనవాళ్లను ఇంటికి పంపుతారట.

రెండో రోజే మల్లిక సంచి పట్టుకుని గడపలో నిలబడింది.

"నిజం జెప్పు బిడ్డా. తీసేసిండ్రా?"

"ఇంకా తియ్యలేదమ్మా. డ్యూటీలు తక్కువున్నయని వచ్చిన."

"ఇంకా అంటే తీస్తరన్నట్టే గద!"

"నాయినా, అమ్మ నన్ను తీసేసింది. కంపెనీకి పనే లేదిగ" అని అది నవ్వింది.

నవ్వితే నవ్వనీ. ఉద్యోగం పోతుంది, దిగులుతో పిల్ల మంచం పడుతుంది, దవాఖానలో డాక్టరు ఉండడు. వంకాయలు తరిగేలోపే నేను మనసులో అక్కడిదాకా పోయి వచ్చాను.

అసలు భయం వేరే ఉంది. ఎండాకాలం మేత దొరకనప్పుడు మా మంద, మారయ్య బావ మంద కలిసి అచ్చంపేట వైపు పోతాయి. కలిపే ముందు ఇంటి ఆడది తన చేత్తో ప్రతి గొర్రె మెడ మీద జాజు పెట్టాలి. ఎర్రమట్టి బొట్టు, అంతే. గుర్తున్న గొర్రె తప్పిపోతే ఊరంతా వెతుకుతారు. గుర్తు లేనిది తప్పిపోతే, మాది కాదంటే మాది కాదని అందరూ ముందుకు నడుస్తారు. మందలు కలపడం నాకు తెలుసు. కంపెనీలు కలపడం తెలియదు. తెలిసినదాన్ని బట్టే కదా ఎవరైనా భయపడేది.

"కలిపే ముందు మీకేం గుర్తు వెట్టరా?" అని అడిగాను.

"మేం గొర్లమా అమ్మా?"

"గొర్లకే గింత పద్ధతుంటే మనుషులకుండదా?"

"పిలుస్తరు. ఒక్కొక్కలతోని మాట్లాడుతరు. గదే పద్ధతి."

ఆ పిలుపు మరునాటి సాయంత్రమే వచ్చింది. పొద్దున్నే హైదరాబాదుకు రమ్మన్నారు. మల్లిక తెల్ల చొక్కా తీసి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. తెచ్చుకున్నది అదొక్కటే. అది స్నానానికి పోగానే నేను జాజు గిన్నెలో వేలు ముంచాను. బయటికి కనపడేంత తెలివితక్కువదాన్ని కాదు. కాలరు మడత లోపల, మెడ వెనక తగిలేచోట, ఒక్క బొట్టు పెట్టి మొక్కుకున్నాను.

చొక్కా ఇంకా తడిగా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. బొట్టు చూస్తుండగానే పాకింది. మడత దాటి బయటికి వచ్చి వీపు మీదికి దిగింది. సబ్బు పెట్టి రుద్దాను. ఎరుపు కాస్తా గులాబీ రంగై ఇంకాస్త వెడల్పైంది. నిమ్మకాయ పెట్టాను. అప్పుడది దేశపటంలో ఏదో రాష్ట్రంలా తయారైంది.

మల్లిక వచ్చి చూసింది. పర్వతాలు కూడా వచ్చి చూశాడు.

"కంపెనీల కంటే ముందుగాల చొక్కానే మన మందల కలిసింది గదనే గోపమ్మా!"

"నువ్వు ఊకో! పోరి పొద్దున ఏం తొడుక్కొని పోవాలె?"

నాకు తిట్లు పడతాయనుకున్నాను. మల్లిక మంచం మీద కూలబడి చొక్కాను ఒళ్లో పెట్టుకుంది. మొదట నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాక్కూడ బుగులైతాందమ్మా. నువ్వొక్కదానివే భయపడుతున్నవనుకున్నవా?"

అది పుట్టినప్పటి నుంచి నేనే ఇద్దరి భయమూ పడుతున్నాననుకున్నాను. దాని వాటా దానికి వేరుగా ఉందని ఆ రోజే తెలిసింది.

పొద్దున కాలరు మరక మీదికి వచ్చేట్టు దాని కొప్పు కిందికి ముడిచాను. వీపు మరకను పైన వేసుకునే యూనిఫాం కోటు కప్పేసింది. "ఎవలన్న ఎనక నుంచి పిలిస్తే మనిషంత తిరుగు, మెడ ఒక్కటే తిప్పకు" అని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. మల్లికే.

"తీసెయ్యలేదమ్మా. ఉంచుకుంటరంట."

"దేవుడా! మరి సంబురం లేకుంట జెప్తున్నవేంది?"

"కెప్టెన్ సీటు ఇప్పట్ల రాదు. ఆ పెద్ద కంపెనీవాళ్లంత ముందట, నేను లైన్ల ఆఖరుకు. మల్ల పక్క సీట్లనే. ఒప్పుకుంటే ఇప్పుడే సంతకం వెట్టాలె. లేకుంటే నా తొవ్వ నేను చూస్కోవాలె. ఏం జెయ్యమంటవ్?"

విమానం గురించి నన్నెప్పుడూ ఏమీ అడగని పిల్ల. ముందు నేనే దాన్ని అడిగాను.

"ఆ పక్క సీట్ల కూసొని నువ్వు ఏం జేస్తవ్ బిడ్డా?"

"కెప్టెన్ నడుపుతాంటే చూస్తుంట. యాడన్న తప్పుగొడితే ముందే జెప్త. ఇంజన్ బందైతే ఏం జెయ్యాలె, మబ్బువడితే యాడ దిగాలె, పొగొస్తే ఎటు పోవాలె, అన్ని ముందుగాలనే అనుకొని కూసుంట."

"గంతేనా?"

"గంతేనా అంటవేందే?"

"గా పని నీ నాయిన పక్కన నేను జీతం లేకుంట జేస్తలేనా? మోటరు కాడికి పోతే కరెంటు, చెరువు కాడికి పోతే పాము. నేను అనుకోబట్టే గద మనిషి ఇంకా తిరుగుతున్నడు. పక్కన భయపడేటోళ్లు లేకుంటే నడిపేటోడు యాడికి పోతడే?"

మల్లిక పగలబడి నవ్వింది. పక్కనున్న ఎవరికో హిందీలో చెబితే వాళ్లూ నవ్వినట్టు వినిపించింది.

"అమ్మా, గిది మీ కెప్టెన్‌కు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది! గా భయం లేకుంటే నేను తొవ్వ దప్పి ఎప్పుడో అమెజాన్ అడవిల ఉంటుంటి" అని పర్వతాలు పక్క నుంచి అరిచాడు.

"ఆశ సంపుకోకు బిడ్డా. సీటు ఎనకకు వోయింది గని నువ్వు వోలేదు గద. ఉండు."

"అయితే సంతకం వెట్టనా?"

"పెట్టు. పెన్ను రాస్తాందో లేదో జర ముందుగాల వేరే కాగితం మీద చూస్కో."